చేతి నుంచి చేతికి

మా మేనత్త ప్రభువునందు నిద్రించిందని కబురు వచ్చిన రాత్రే హైదరాబాదులో రైలెక్కి, తెల్లవారుజామున డోర్నకల్ జంక్షనులో దిగి, ఆటో మాట్లాడుకొని ఊరు చేరాను. చర్చి ఆవరణలో అప్పటికే టెంటు వేశారు. సమాధి మీద చల్లడానికి తెచ్చిన బంతిపూలు ఒక గోనెపట్టా మీద కుప్పగా పోసి ఉన్నాయి. గుడి తలుపు తీయగానే లోపలి నుంచి పాత చాపల వాసన, గబ్బిలాల వాసన, ఎన్నో ఏళ్ళుగా గోడలకు పట్టుకొని ఉన్న కిరసనాయిలు మసి వాసన ఒక్కసారిగా వచ్చి బంతిపూల ఘాటుతో కలిసిపోయేసరికి కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాను.

పెద్దలు అరుగు మీద కూర్చొని గట్టిగా వాదించుకుంటున్నారు. అత్తను ఎక్కడ పెట్టాలన్నది తగాదా. మా ఊళ్ళో క్రైస్తవులకు చర్చి ఒక్కటే గాని సమాధుల తోటలు రెండు ఉన్నాయి. చెరువుకట్టకు ఇవతల ఉన్నది మాలవాడది, అవతల ఉన్నది మాదిగవాడది. మాది మాలవాడ. అత్త మాత్రం తనను కట్ట అవతలి తోటలో, తనతో పాటు సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీగా పనిచేసి ముందే వెళ్ళిపోయిన స్నేహితురాలి పక్కన పెట్టాలని కోరుకొని, ఆ కోరికను పాస్టరేటు (ఒక పాస్టరు కింది సంఘాల) కమిటీ మినిట్సు పుస్తకంలో ఎప్పుడో రాయించి, కింద సంతకం కూడా చేసింది. ఆ పుస్తకం తెచ్చి చూపించేదాకా మావాళ్ళు ఒప్పుకోలేదు. చూశాక, రాతలో ఉంది కాబట్టి ఇక చేసేదేమీ లేదన్నారు. ఆమె మావాళ్ళను బాగా ఎరిగిన మనిషి; నోటిమాటను మరిచిపోయే వాళ్ళు కూడా సంతకానికి జంకుతారని ఆమెకు తెలుసు.

ఈ మధ్య హైదరాబాదులో జరిగే క్రైస్తవ సదస్సులలో ‘అందరినీ చేర్చుకొనే సంఘం’ అన్న మాట తరచుగా వినబడుతోంది. అలాంటి సభలకు నేనూ వెళుతుంటాను, అక్కడ మాట్లాడేవారి మీద నాకు గౌరవమే. అయితే ఆ మాట మా దాకా రాకముందే మా ఊరి చర్చిలో చాపల మీద ఆ పని జరుగుతూ ఉండేది, కొన్నిచోట్ల జరగకుండా ఆగిపోతూ కూడా ఉండేది. రెండింటినీ దగ్గరగా చూశాను కాబట్టి, గుర్తున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

* * *

మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు బిషప్ అజరయ్యగారు ఎద్దులబండిలో మా ఊరికి వచ్చారట. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912లో కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడిగా నిలిచి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను మకాంగా చేసుకొని, 1945లో కన్నుమూసేవరకు తెలుగు పల్లెలనే తన ఇల్లనుకొని తిరిగారు. నాయనమ్మకు ఈ వివరాలేవీ తెలియవు. ఆమెకు గుర్తున్నదల్లా బాప్తిస్మం అయిన తర్వాత ఆయన అందరినీ వరుసగా నిలబెట్టి, ఎవరి చేతిని వారి తలమీదే పెట్టించి, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించడం. “అంతకుముందు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నమంటే గంపో, గడ్డిమోపో పట్టుకునేందుకే బిడ్డా” అనేది నాయనమ్మ. ఆ ఒక్క మాటలో ఆమె చెప్పినదానికి మించి మతమార్పిడి గురించి నేను చదివిన పుస్తకాలేవీ నాకు చెప్పలేదు.

అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ఎదుట నిలబడి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన సంగతి క్రైస్తవ చరిత్ర చదివిన వారందరికీ తెలుసు. ఆ ప్రసంగాన్ని మావాళ్ళు గర్వంగా తలుచుకుంటారు. మా ఊరి మాదిగవాడ మా మాలవాడను అదే మాట అడిగితే మేము ఏమని జవాబు చెప్పేవాళ్ళమన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్లు కనబడదు.

సండే స్కూలు పిల్లలను ఏడాదికొకసారి డోర్నకల్ తీసుకువెళ్ళేవారు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ ముందు నిలబడితే మా తగాదా ఎప్పుడూ ఒక్కటే. స్తంభాలు చూసిన వాడు గుడి అంటాడు, గుమ్మటాలు చూసిన వాడు మసీదు అంటాడు. మమ్మల్ని తీసుకువెళ్ళిన ఉపదేశి తాత, “రెండింటికీ పోయేటోళ్ళు ఇందులోకి కూడా జడవకుండ రావాలని అట్ల కట్టించిండ్రు” అని తేల్చేసేవాడు. బిషప్‌గారి ఉద్దేశం సరిగ్గా అదేనో కాదో నేను చెప్పలేను గాని, ఇంగ్లండు చర్చి నమూనా తెచ్చి మా ఎర్రమట్టి మీద నిలబెట్టకుండా, చుట్టుపక్కల జనం కళ్ళకు అలవాటైన రూపాలతో దేవుని ఇల్లు కట్టించడం ఆ కాలానికి చిన్న సాహసం కాదు. ఆ చల్లని రాతి స్తంభాన్ని కౌగిలించుకొని చేతులు అందుతాయో లేదో చూసుకోవడం మాకు ఏటా ఒక పోటీ.

* * *

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. బిషప్పులున్న సంఘమూ, లేని సంఘాలూ అలా ఒక్కటి కావడం లోకమంతా చెప్పుకొన్న సంగతి. ఆ కలయిక మా ఊరికి అందింది మాత్రం ఒక చేతి స్పర్శగా. 1950లో కొత్త సంఘం తయారుచేసుకొన్న సంస్కార ఆరాధన (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొనే ఆరాధన) క్రమంలో, కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారాన్ని అనుసరించి, ‘సమాధానం’, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిని చేర్చారు. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకొనేవారి కుడి అరచేతికి ఆనిస్తారు. ఇద్దరూ తమ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. పాస్టరు అయ్యగారు సంస్కారపు బల్ల దగ్గర తనతో ఉన్నవారికి ఇస్తే, వారు కిందికి వచ్చి ముందు వరుసలవారికి ఇస్తారు. అక్కడి నుంచి అది చేతి నుంచి చేతికి చివరి వరుస దాకా నడుస్తుంది. మాటలు ఉండవు, ఉన్నా గొణుగుడే.

ఇప్పుడు పట్నం చర్చిలలో అందరూ అటూ ఇటూ తిరిగి నవ్వుతూ నమస్కారాలు పెట్టేసుకుంటే ఆ ఘట్టం అయిపోతుంది. అంటరానితనం నడుస్తున్న ఊళ్ళో, బావి దగ్గర చేద కూడా తగలనివ్వని ఊళ్ళో, ఆదివారం పూట ఒక అరచేయి ఇంకొక అరచేతికి ఆనడమంటే ఏమిటో ఆ క్రమం రాసినవారు ఊహించారో లేదో నాకు తెలియదు.

మా గుడిలో ఎడమవైపు మగవారు, కుడివైపు ఆడవారు. అది అందరికీ తెలిసిన ఏర్పాటు. ఎవరూ పైకి చెప్పని ఏర్పాటు ఇంకొకటి ఉండేది. రెండువైపులా ముందు చాపల మీద మాలవాడ, వెనక చాపల మీద మాదిగవాడ. ఫలానావారు ఫలానాచోట కూర్చోవాలని ఏ పెద్దా ఆజ్ఞాపించలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు, అయినా ఏ ఆదివారమూ తప్పేది కాదు. ముందు చాపల అంచుకూ వెనక చాపల అంచుకూ మధ్య జానెడు మట్టినేల కనబడేది. ఆ అంచు దగ్గర, అటువైపు ఇటువైపు, పిల్లలను కూర్చోబెట్టేవారు. సమాధానం ముందు నుంచి ఒక్కొక్కరి చేతి మీదుగా వచ్చి వచ్చి చివరికి నా చేతిలో పడేది; నేను వెనక్కి తిరిగి మాదిగవాడ పిల్లవాడి చేతిలో పెట్టేవాణ్ణి; వాడు తన వెనకనున్న తాతకు ఇచ్చేవాడు. ఎక్కడా తెగకుండా సమాధానం చివరి వరుస దాకా చేరేది, పెద్దల చేతులు మాత్రం ఆ జానెడు నేలను దాటవలసిన అవసరం రాకుండా గడిచిపోయేది. పిల్లలకు మైల లేదన్న పాత నమ్మకాన్ని గుడిలోకి కూడా తెచ్చుకొని అంత చక్కగా అమర్చుకొన్న మావాళ్ళ తెలివికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా ఎదుటి పిల్లవాడి అరచెయ్యి ఎప్పుడూ గరుకుగా, చింతగింజల బొగ్గు అంటుకొని ఉండేది. వాడూ నేనూ ఆ ఘట్టం కోసం ఎదురుచూసేవాళ్ళం, ఎందుకంటే చేతులు మూసినప్పుడు గోళీకాయలు మార్చుకోవడానికి అంతకు మించిన అదను దొరికేది కాదు.

ఆ అంచును మొదట దాటింది అత్తే. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, అందులో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, తలనొప్పి మందు. బైబిలు స్త్రీగా రెండు వాడలలోనూ ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఒక ఆదివారం సమాధానం తన చేతికి రాగానే పక్కనున్న ఆమెకు ఇవ్వకుండా లేచి, చాపలన్నీ దాటి వెనక్కి నడిచి, గోడవారగా కూర్చొన్న తన స్నేహితురాలి చేతిని తన రెండు చేతులలోకి తీసుకొంది. ముందు చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారు తల ఎత్తలేదు; క్రమం పుస్తకంలో తరువాతి మాటలు చదువుకుంటూ పోయారు. వచ్చే ఆదివారమూ అత్త అదే పని చేసింది. ఎవరైనా అడిగితే, వెనక గాలి బాగా వస్తుందని చెప్పేది.

సంస్కారంలో ద్రాక్షరసపు గిన్నె సంగతి దీనికన్నా కష్టం. ఒకే గిన్నె అందరి పెదవులకూ తగలాలి. ఎండు ద్రాక్షను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో పిండి ఆ రసం తయారుచేసేది అత్తే. మాలవాడలో ఒక పెద్దాయన ముందు వరుసలో తాను పుచ్చుకొని, వెనకవారు వచ్చే లోపల చుట్ట కాల్చుకొనే నెపంతో బయటికి వెళ్ళిపోయేవాడు. మూడవ నెలలోనో నాలుగవ నెలలోనో అయ్యగారు గుమ్మం దగ్గరివారిని ముందు రమ్మన్నారు. కారణమేమీ చెప్పలేదు, గుమ్మం దగ్గర ఎండ ఎక్కువగా ఉందన్నారు. పెద్దాయన ఆ రోజు గిన్నె దగ్గరికి వచ్చాడు గాని చాలాసేపు మోకరించే ఉండిపోయాడు. తాగాడో లేదో నేను చూడలేకపోయాను.

* * *

సంస్కృతి గురించి మా సంఘంలో జరిగిన వాదాలన్నింటికీ డప్పు కేంద్రం. గ్రామదేవత జాతరకు, ఊళ్ళో చావుకు, పీర్ల పండుగకు డప్పు కొట్టడం మాదిగవాడకు వెట్టి కింద వచ్చిన పని. కూలి అడిగే వీలు లేదు, రానని చెప్పే వీలు అంతకన్నా లేదు. క్రైస్తవులయ్యాక ఆ పని మానాలని మిషన్ల కాలం నుంచే సంఘాలు నియమం పెట్టుకొన్నాయి. ఆ నియమాన్ని ఆసరా చేసుకొని వెట్టిని వదిలించుకొన్నవారు ఉన్నారు, అందుకు ఊరి ఆసాములు పొలం పనులు ఆపేస్తే పస్తులున్నవారూ ఉన్నారు. కాబట్టి ఆ నియమాన్ని తేలిగ్గా తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. కాని వెట్టితో పాటు వాయిద్యం కూడా పాపమైపోయింది. అటకమీద పెట్టిన డప్పులు చెదలు పట్టిపోయాయి.

గుడిలో మాత్రం హార్మోనియం మోగేది. అది పడమటి దేశాల నుంచి వచ్చిందన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం పేరు, తాళం పేరు ఉండేవి. ఆ పాటలలో ఎన్నో పందొమ్మిదో శతాబ్దంలో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరిగారివి. అక్షరం రాని మా తాతలు ఆ సంస్కృత సమాసాలను విని విని నేర్చుకొని, ఆనందభైరవి అంటే ఏమిటో తెలియకుండానే ఆనందభైరవి పాడేవారు. ఎవరైనా తాళం తప్పితే తొడమీద చరిచి ఆపేసేవారు. అది గొప్ప ఇచ్చిపుచ్చుకోలని నా అభిప్రాయం. అయితే బ్రాహ్మణుని రాగం గుడిలోకి సునాయాసంగా వచ్చి కూర్చొంది గాని, మాదిగ డప్పు గుమ్మం దాటడానికి మా ఊళ్ళో రెండు తరాలు పట్టింది.

అది కూడా క్రిస్మస్ కేరల్స్ పుణ్యమే. వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అంటించిన నక్షత్రంలో లాంతరు పెట్టుకొని రాత్రిపూట ఊరంతా తిరిగేవాళ్ళం. ఒక ఏడాది కొత్తగా వచ్చిన అయ్యగారు, మంచి వయసులో ఉన్నవారు, డప్పు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి అన్నారు. అటకలు వెతికితే రెండు దొరికాయి. చర్చి వెనక వరిగడ్డి మంట వేసి వాటిని కాచారు; సెగకు తోలు బిగుసుకొనేటప్పుడు వచ్చే వాసన, మధ్యమధ్య వేలితో తట్టి చూసినప్పుడు మొద్దుగా ఉన్న చప్పుడు నెమ్మదిగా కంచు పలికినట్లు మారడం, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల పట్టుకొని ఒక ముసలాయన మొదటి దరువు వేయగానే చుట్టూ ఉన్న కుర్రకారు కాళ్ళు వాటంతట అవే కదలడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉన్నాయి. ఆ ముసలాయన చిన్నప్పుడు మానేసిన పని అది. చేతులు మరిచిపోలేదు. పెద్దలలో కొందరు అది దయ్యాల వాయిద్యమని బిషప్‌గారికి అర్జీ పెట్టారు. మా అయ్యగారు జవాబుగా కీర్తనల గ్రంథంలోని నూట యాభయ్యవ కీర్తనను తీసి, అందులో చెప్పిన తంబురను, తాళాలను చూపించి, వాటిని వాయించినవారి కులమేమిటని అడిగారు. అర్జీ సంగతి ఏమైందో గాని, మరుసటి క్రిస్మస్‌కు డప్పులు నాలుగయ్యాయి.

* * *

నా గోళీకాయల స్నేహితుడికి రెండు పేర్లు. ఆదివారం పిలిచే పేరు బైబిలులోది, బడి రిజిస్టరులో ఉన్నది తాతగారి ఇలవేల్పుది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులపు హక్కు లేదు. ఆ ఉత్తర్వును సవరించి 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ హక్కు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు ఇవ్వలేదు. మన రాష్ట్రాలలో మాకు దక్కింది బి.సి.-సి కింద ఒక్క శాతం. మతం మారినంత మాత్రాన ఊరి బావి దగ్గర మా అంటరానితనం పోలేదు గాని, తహసీలు కార్యాలయంలో మాత్రం మా కులం మాయమైపోయింది. అందుచేత చదువుకోవాలన్న పిల్లలున్న ఇళ్ళలో కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక మతం ఉండేవి.

వీరిని వేదిక మీద నుంచి దొంగ విశ్వాసులని తిట్టే బోధకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అలా తిట్టేవారిలో చాలామందికి ఆ సర్టిఫికెట్ అవసరం లేని కుటుంబాలు ఉండడం నేను గమనించాను. అత్త ఆ విషయంలో చాలా మొండిది. బైబిలులో నికొదేము రాత్రిపూట వచ్చినా ప్రభువు తలుపు తీశాడు, పగలు రమ్మని పంపేయలేదు అనేది. నా స్నేహితుడు ఆ రెండవ పేరు మీదే చదువుకొని ఉద్యోగస్థుడయ్యాడు. అత్త పెట్టె మోసినవారిలో అతనూ ఉన్నాడు; భూస్థాపన ఆహ్వాన పత్రంలో అతని రెండు పేర్లూ వేశారు.

ఇంకొకరు కూడా ఉండేవారు. నేతపని చేసే ఇంటి కోడలు, నుదుట కాసంత బొట్టుతో ప్రతి ఆదివారం వచ్చి గుమ్మం లోపల స్తంభానికి ఆనుకొని కూర్చొనేది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు అత్త ప్రార్థన చేయడానికి వెళ్ళడంతో మొదలైన రాకపోకలవి. భర్తకు ఇష్టం లేదు కాబట్టి బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోలేదు కాబట్టి బల్ల దగ్గరికి రాలేదు. పట్నం నుంచి కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, బొట్టు తుడిచి రండి లేకపోతే రావద్దు అని ఆమె వైపే చూస్తూ చెప్పాడు. రెండు వారాలు ఆమె రాలేదు. అత్త వాళ్ళింటికి వెళ్ళి ఏమి మాట్లాడిందో తెలియదు. ఆమె తిరిగి వచ్చిన ఆదివారం, బొట్టు ఉన్నచోటే ఉంది, సమాధానం నేరుగా అత్త చేతి నుంచి ఆమెకు అందింది. బల్ల దగ్గరికి రావడానికి నియమాలున్నాయి గాని చెయ్యి అందుకోవడానికి ఏ నియమమూ లేదన్న కిటుకును అత్త పట్టుకొంది. ఆ కుటుంబం బతుకమ్మ పేర్చే రోజున అత్త పొద్దున్నే బీళ్ళలోకి వెళ్ళి తంగేడుపూలు కోసి పంపేది. తాను ఆటలో కలిసేది కాదు. తెల్లచీరతో గట్టుమీద నిలబడి, పాటలో చరణం మరిచిపోయిన వారికి అందించేది.

* * *

అన్నేళ్ళూ రొట్టె చేసింది, ద్రాక్షరసం పిండింది, గిన్నె తోమింది, ఎవరెవరు జబ్బుగా ఉన్నారో అయ్యగారికి చెప్పి వాళ్ళ ఇళ్ళకు తీసుకువెళ్ళింది అత్త. బల్ల వెనక నిలబడే అర్హత మాత్రం ఆమె కాలంలో ఆమెలాంటివారికి ఊహకు అందని సంగతి. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం 1970లలోనే మొదలుపెట్టింది గాని మా పాస్టరేటు దాకా ఒక్క ఆడమనిషిని కూడా పంపలేదు. 2013లో పుష్పలలితగారు నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయి, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్‌గా పత్రికలకెక్కినప్పుడు నేను ఆ వార్త కత్తిరించి తీసుకువెళ్ళి చూపించాను. అత్త కళ్ళజోడు పెట్టుకొని ఫొటోను ఎంతోసేపు చూసింది. సంతోషిస్తుందనుకొన్నాను. “ఈమెకు రొట్టె ఎవరు చేస్తరో” అని మాత్రం అంది. అది ఎగతాళో, దిగులో, మామూలు సందేహమో నేను నిర్ణయించుకోలేకపోయాను.

ఆ తరువాతి ఏడాది సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది. దానికీ మా ఊరికీ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు జంక్షను వైపు నుంచి ఒక హిజ్రా వచ్చి గుమ్మంలో నిలబడింది. రైళ్ళలో చేయి చాపి అడుక్కొని బతికే మనిషి. చిన్నప్పుడు ఎక్కడో సండే స్కూలుకు వెళ్ళిందట, పాత కీర్తనలు నోటికి వచ్చు. ఎడమవైపు మగవారు ఉలిక్కిపడ్డారు, కుడివైపు ఆడవారు కొంగులు సర్దుకొన్నారు. రెండువైపులే ఉన్న గుడిలో ఆమెకు చోటు ఎటువైపన్నది ఎవరికీ తోచలేదు. అప్పటికి మోకాళ్ళు పట్టేసి కుర్చీలో కూర్చొంటున్న అత్త, “ఇటు రా బిడ్డా, ఈడ జాగ ఉన్నది” అని తన పక్క చాప మీద పిల్లలను అవతలికి జరిపింది.

సమాధానం ఇచ్చిపుచ్చుకొనే వేళకు అందరి కళ్ళూ అక్కడే ఉన్నాయి. అత్త తన కుడి అరచేతిని ఆమె అరచేతికి ఆనించి, ఎడమచేతిని పైన మూసింది. ఆ తరువాత ఆ మనిషి తన పక్కనున్న ఆమె వైపు తిరిగింది. పక్కనున్న ఆమె చేతులు ఒడిలో నుంచి పైకి రాలేదు. సమాధానం అక్కడ ఆగింది. వెనక వరుసలో కూర్చొన్న నేత ఇంటి కోడలు, అప్పటికి తల నెరిసి మనవరాలిని ఎత్తుకొని ఉన్న మనిషి, ముందుకు వంగి చేయి చాచి దాన్ని అందుకొంది.

వాదన నెలల తరబడి నడిచింది. ద్వితీయోపదేశకాండం ఇరవైమూడవ అధ్యాయం తెరిచి, ఇలాంటివారు దేవుని సమాజంలో చేరకూడదని స్పష్టంగా ఉందని ఒక పెద్ద వాదించారు. నిజమే, ఉంది. అప్పటి అయ్యగారు ఆ అధ్యాయాన్నీ, యెషయా యాభై ఆరవ అధ్యాయాన్నీ ఒకే ఆదివారం ఒకదాని వెంట ఒకటి చదివించారు. మొదటిది ఎవరిని బయట ఉంచిందో, రెండవది వారినే పిలిచి, తన ఇంట్లో కొడుకులకన్నా కూతుళ్ళకన్నా గొప్ప పేరు ఇస్తానంటుంది. ఆ పైన అపొస్తలుల కార్యములలో ఫిలిప్పు రథమెక్కి నపుంసకుడైన ఐతియొపీయుడికి బాప్తిస్మం ఇచ్చిన భాగం కూడా చదివించి, వ్యాఖ్యానం ఏమీ చేయకుండా కూర్చొన్నారు. లేఖనం తనతో తానే వాదించుకొంటుందని, ఆ వాదనలో తలుపు తెరిచే వైపు నడుస్తుందని నా నమ్మకం ఆ రోజున గట్టిపడింది. మా సంఘం మొత్తానికి అలా అనిపించిందని చెప్పను. ఆమె పేరు ఇప్పటికీ సంస్కారం పుచ్చుకొనేవారి జాబితాలోకి ఎక్కలేదు. మా బంధువుల కుర్రవాడొకడు, 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదని 377వ సెక్షన్ మీద తీర్పు వచ్చిన తరువాత ధైర్యం చేసి తాను స్వలింగ ప్రియుణ్ణని ఇంట్లో చెప్పి, ఆ తరువాత చర్చికి రావడం మానేశాడు. అతని గురించి పెద్దలు ఇంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అత్త మాత్రం క్రిస్మస్ అరిసెల డబ్బా అతని హైదరాబాదు గదికి నా చేతనే పంపించేది.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది కోత పండుగ. అప్పుడు గుడి నిండా కొత్త వడ్ల వాసన. బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఆడవాళ్ళు వండేటప్పుడల్లా పిడికెడు తీసి దాచిన బియ్యం కుండలు, అన్నీ బల్ల ముందు పేర్చి, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. వేలానికి ఊళ్ళోని హిందూ రైతులు వస్తారు, బస్సుస్టాండు దగ్గర దర్జీ దుకాణం పెట్టుకొన్న సాయిబు వస్తాడు. దేవుడికిచ్చిన సొర్రకాయ వండుకొంటే మంచిదని అందరూ పోటీపడి ధర పెంచుతారు.

హిజ్రా వచ్చిన మరుసటి పంటకు అత్త తన కోడిపుంజును కానుకగా ఇచ్చింది. పెద్దలలో ఒకరు, రైళ్ళలో అడుక్కొన్న డబ్బు సంఘం పెట్టెలో పడకూడదని, ఆమెను వేలంపాట పాడనివ్వకూడదని ముందే అయ్యగారికి చెప్పి ఉంచారు. ఈ పెట్టెలోకి వడ్డీ వ్యాపారుల డబ్బు వచ్చినప్పుడు మనం అడగలేదు కదా అని అయ్యగారు అన్నారట. వేలం మొదలైంది. ఆసామి వంద అన్నాడు, సాయిబు నూటపది అన్నాడు, ఆమె వెనక నుంచి చప్పట్లు చరిచి రెండు వందలు అంది. ఆసామికి పౌరుషం వచ్చింది. ధర ఎక్కడికో పోయింది. పిల్లలు అరుపులు, పుంజు అరుపులు. చివరికి ఆసామి తలపాగా విప్పి దులుపుకొంటూ పక్కకు తప్పుకొన్నాడు. అభ్యంతరం చెప్పిన పెద్దే కోశాధికారి కాబట్టి డబ్బు ఆయనే తీసుకోవాలి. ఆమె కొంగు ముడి విప్పి, పది రూపాయల నోట్లన్నీ ఆయన ముందు ఒక్కొక్కటే లెక్కపెట్టి, రసీదు అడిగి రాయించుకొని, పుంజును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత డబ్బు పుచ్చుకొని కాళ్ళకు ఈ కుళ్ళిపోయిన తాడు కట్టి ఇస్తారా, జంక్షను దాకా ఎట్ల పట్టుకపోవాలె, మంచి తాడు తెచ్చి కట్టండి అని ఆయనతో జగడం పెట్టుకొంది.